పండుగల చక్రం

పిల్లలూ! శ్రీకాకుళం జిల్లాలో పలాస నుంచి సముద్రం వైపు బయలుదేరితే దారి పొడుగునా తోటలే కనిపిస్తాయి. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఉద్యానవనంలాగా ఉంటుంది కనకనే ఈ ప్రాంతానికి ఉద్దానం అనే పేరు వచ్చిందంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం ఇవన్నీ ఉద్దానం వైపు ఊళ్లే. పలాసకు నైరుతిగా టెక్కలి ఉన్నది.

ఈ ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలు కూడా ఉన్నాయి. 19వ శతాబ్దం చివరి భాగంలో కెనడా దేశపు బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం ప్రాంతానికి వచ్చారు. టెక్కలి వారి కేంద్రాలలో ఒకటి. కతోలికుల కోసం 1993లో శ్రీకాకుళం కేంద్రంగా ఒక మేత్రాసనం, అంటే బిషపుగారి పీఠం, ఏర్పడింది.

ఈ కుటుంబాలలో వంట చేసే అమ్మకు రెండు క్యాలెండర్లు కావాలి. ఒకటి చర్చిది. ఎప్పుడు ఉపవాసం, ఎప్పుడు పండుగ అన్నది అది చెబుతుంది. రెండవది తోటదీ, సముద్రానిదీ. ఎప్పుడు ఏమి దొరుకుతుందో అది చెబుతుంది. ఈ రెండూ కలిపి చూసుకోకపోతే పండుగపూట చేతిలో డబ్బు ఉండదు, బజారులో సరుకు దొరకదు. మరి రెండిటినీ కలపటం ఎలాగ? అందుకు ఒక అట్టచక్రం చేసుకుందాం. ముందు చర్చి సంవత్సరం ఎలా నడుస్తుందో తెలుసుకోండి.

కదలని పండుగ, కదిలే పండుగ

క్రిస్మస్ ఏటా డిసెంబరు 25నే వస్తుంది. ఈస్టర్ అలా కాదు. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే మొదటి పున్నమిని చూసి, దాని తరువాతి ఆదివారం ఈస్టర్ చేస్తారు. ఆ పున్నమిని చర్చివారు తమ లెక్క ప్రకారం నిర్ణయిస్తారు. అందరూ ఒకే ఆదివారం ఈ పండుగ చేసుకోవాలని 325వ సంవత్సరంలో నీకియా నగరంలో జరిగిన సభ తీర్మానించింది. మన ఉగాది తేదీ ఏటేటా మారినట్టే ఈస్టర్ కూడా మారుతుంది. మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2025లో ఏప్రిల్ 20. 2026లో ఏప్రిల్ 5. 2027లో మార్చి 28.

ఈస్టరుకు 46 రోజుల ముందు విభూది బుధవారం. అక్కడి నుంచి తపస్సు కాలం మొదలవుతుంది. దీన్నే కొందరు శ్రమదినాలంటారు. ఇది 40 రోజుల ఉపవాసకాలమని మీరు వినే ఉంటారు. 46 ఎలా 40 అయింది? మధ్యలో వచ్చే 6 ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు. అదీ సంగతి.

ఈస్టరుకు ముందు ఆదివారం మట్టలాదివారం. ఈస్టరుకు రెండు రోజుల ముందు మంచి శుక్రవారం. ఈస్టర్ అయిన 49వ రోజున పెంతెకొస్తు. ఈస్టర్ జరిగితే ఇవన్నీ దానితోపాటు జరుగుతాయి.

కతోలికులు ఈ కాలాలన్నీ పాటిస్తారు. బాప్టిస్టులకు క్రిస్మస్, మంచి శుక్రవారం, ఈస్టర్ ముఖ్యం. ఉపవాసం ఎవరి ఇష్టం వారిది.

చక్రం చేసే విధం

రెండు అట్టముక్కలు, కాగితం పిన్ను ఒకటి, రంగుపెన్సిళ్లు, జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసుకోండి. ఒక అట్టను అన్నం పళ్లెమంత గుండ్రంగా కత్తిరించండి. రెండవ దానిని అందులో సగం ఉండేటట్టు కత్తిరించండి.

పెద్ద చక్రాన్ని 30 డిగ్రీల చొప్పున పన్నెండు భాగాలు చేసి, కుడివైపుగా తిరుగుతూ పన్నెండు నెలల పేర్లు రాయండి. చిన్న చక్రం అంచున ఒక చోట బాణం గుర్తు వేసి "ఈస్టర్" అని రాయండి. దానికి ఎడమవైపు 2 డిగ్రీల దగ్గర మంచి శుక్రవారం, 7 డిగ్రీల దగ్గర మట్టలాదివారం, 46 డిగ్రీల దగ్గర విభూది బుధవారం గుర్తించండి. కుడివైపు 49 డిగ్రీల దగ్గర పెంతెకొస్తు. ఇక్కడ ఒక డిగ్రీ ఒక రోజన్నమాట. ఏడాదికి 365 రోజులు, వృత్తానికి 360 డిగ్రీలు కనక ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. సరిగ్గా ఏ తేదీయో చర్చి క్యాలెండరులో చూసుకోండి.

చిన్న చక్రాన్ని పెద్దదానిమీద పెట్టి, మధ్యలో పిన్ను గుచ్చండి. ఇక ఏటా ఈస్టర్ తేదీ దగ్గరికి బాణం తిప్పితే చాలు, తక్కిన రోజులన్నీ వాటంతట అవే తమ నెలల ఎదుటికి వస్తాయి! చర్చిలో తపస్సు కాలానికి ఊదారంగు, క్రిస్మస్, ఈస్టర్లకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మామూలు రోజులకు ఆకుపచ్చ వాడతారు. మీ చక్రానికి కూడా అవే రంగులు వెయ్యండి.

ఏ నెలలో ఏమిటి?

ఇప్పుడు పెద్ద చక్రంమీద ఏ నెలకు ఆ నెల దొరికే వస్తువులు రాయండి. అమ్మనూ, మామ్మనూ అడిగితే చెబుతారు.

తపస్సు కాలం ఈస్టర్ తేదీనిబట్టి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల మధ్య నడుస్తుంది. అప్పుడు లేత పనసకాయలు వస్తాయి. పనసపొట్టు కూర, మునగాకు పప్పు, చోడి అంబలి ఈ కాలానికి తగిన వంటలు. కతోలికులు విభూది బుధవారంనాడూ, తపస్సు కాలపు శుక్రవారాలలోనూ మాంసం ముట్టరు. అయితే 14 ఏళ్లలోపు పిల్లలకు ఈ నియమం లేదు. ఒంటిపూట ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ల వారికే. జబ్బు చేసినవారికి అది కూడా లేదు.

ఉపవాసంలో మిగిలినది ఇంకొకరికి చేరాలి. పూటపూటా అన్నం వండేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం వేరే కుండలో వేసే అలవాటు ఉన్నది. మిజోరాంలో 1910 నుంచి క్రైస్తవ స్త్రీలు ఇలా బియ్యం తీసిపెట్టి చర్చికి ఇస్తూ వచ్చారు. గుప్పెడంటే 50 గ్రాములనుకోండి. రోజుకు రెండు పూటలు, 40 రోజులు. లెక్క వెయ్యండి. నాలుగు కిలోలు! లేనివారి ఇంట్లో ఈస్టర్ అన్నానికి అది సరిపోదూ?

మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు రాలే కాలం. జీడిచెట్టు మనది కాదు. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ దేశం నుంచి మన దేశానికి తెచ్చారు. ఇవాళ పలాస పేరు చెబితే జీడిపప్పే గుర్తుకువస్తుంది. ఈస్టర్ విందులో పచ్చి జీడిపప్పు కూర ఉంటే ఎంత బాగుంటుంది! కాని పిల్లలూ, పచ్చి జీడిపిక్కను మీరు కొట్టకండి. దాని పెంకులోని జీడి తగిలితే చర్మం కాలినట్టు పొక్కిపోతుంది.

సముద్రం సంగతి కూడా చక్రంమీద రాయాలి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగటానికి ఈ ఏర్పాటు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది గదా? అంటే వేట ఆగిన తరువాత. అటువంటి ఏట చేపలకూర మాట మరిచి, కోడికూరో, కోడిగుడ్ల పులుసో అనుకోవాలి. 2027లో మార్చి 28 కనక ఆ చిక్కు లేదు. బాణం తిప్పిచూస్తే ఈ సంగతి మీకే కనిపిస్తుంది.

పెంతెకొస్తు నాటికి పనసతొనలు, మామిడిపళ్లు పుష్కలం. ఆగస్టు 15న కతోలికులకు మరియమాత మోక్షారోపణ పండుగ. తాటిపళ్లు పండే రోజులు కనక ఆనాడు తాటిరొట్టె చేసుకోవచ్చు.

అక్టోబరు దగ్గర మాత్రం పెన్సిలుతోనే రాయండి. అది తుపానుల కాలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున "తిత్లీ" అనే తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరు ఎంత అందమైనదో పని అంత ఘోరమైనది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కుప్పలుగా కూలిపోయాయి. కొబ్బరిమొక్క నాటితే కాపుకు అయిదారేళ్లు పడుతుంది. అటువంటి ఏడాది క్రిస్మస్‌కు కొబ్బరి లేని పిండివంట ఏదో ముందే ఆలోచించుకోవాలి.

నాలుగు వారాల పని

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. 1839లో జర్మనీలోని హాంబర్గు నగరంలో యోహాన్ హిన్రిచ్ విచర్న్ అనే ఆయన పేదపిల్లలకు ఆశ్రమం నడుపుతుండేవాడు. పిల్లలు "క్రిస్మస్ ఇంకా ఎన్నాళ్లు?" అని రోజూ అడిగేవారట. ఆయన ఒక బండిచక్రంమీద ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులూ, తక్కిన రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులూ అమర్చి, రోజుకొకటి వెలిగించాడు. మీరు నాలుగు కొబ్బరిచిప్పలలో ఇసుక పోసి, నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి, వారానికొకటి చొప్పున పెంచుతూ వెలిగించండి. వెలిగించేటప్పుడు పెద్దవాళ్లు దగ్గర ఉండాలి.

వంటపని కూడా అలాగే పంచుకోవాలి. మొదటి వారం సరుకుల జాబితా. రెండవ వారం ఇల్లు శుభ్రం, నక్షత్రం తయారు. మూడవ వారం జంతికలు. తడి ఉండదు కనక చాలా రోజులు నిలవుంటాయి. నాలుగవ వారం కొత్తబియ్యం అరిసెలు, గులాబీపువ్వులు. పచ్చికొబ్బరి పెట్టిన కజ్జికాయలు చివరిరోజునే చెయ్యాలి. తడి ఎక్కువ ఉన్నది త్వరగా పాడవుతుంది.

నక్షత్రానికి ఒకే పొడుగుగల వెదురుబద్దలు పది కావాలి. అయిదింటితో ఒక నక్షత్రం, అయిదింటితో ఇంకొకటి కట్టండి. రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, అయిదు కొనలూ దారంతో బిగించండి. లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్లా జానెడు పుల్లలు అడ్డం పెడితే నక్షత్రం ఉబ్బుతుంది. పైన రంగుకాగితం అంటించి, లోపల చిన్న బ్యాటరీదీపం పెట్టండి. కొవ్వొత్తి పెడితే కాగితం అంటుకుంటుంది.

మట్టలాదివారానికి కొబ్బరాకులు రెండు తీసుకుని ఈనె తీసెయ్యండి. పొడుగు ఆకును రెండు మడతలు చేసి, పైనుంచి మూడోవంతు దగ్గర చిన్న గాటు పెట్టి, పొట్టి ఆకును అందులోంచి దూర్చితే సిలువ అవుతుంది. కతోలికులు ఈ ఎండిన ఆకులనే దాచి, కాల్చి, మరుసటి ఏడు విభూది బుధవారానికి విభూది చేస్తారు.

తాతయ్య పళ్లెం

చక్రంమీద ఇంకొక్కటి రాయాలి. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే.

ఉద్దానంలో ఎంతోమందికి మూత్రపిండాల జబ్బు ఉన్నది. దానికి కారణం ఏమిటో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, మూత్రపిండాల పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. ఆనాడే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే పథకం కూడా మొదలయింది.

మన ఒంట్లో మూత్రపిండాలు రెండు. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. ఉప్పు, పొటాషియం వంటివి రక్తంలో ఎక్కువైతే ఇవే బయటికి పంపుతాయి. జల్లెడలు చెడితే పొటాషియం రక్తంలో పేరుకుని, గుండె కొట్టుకునే తీరు తప్పవచ్చు. మరి పొటాషియం ఎక్కువగా ఉండేది వేటిలో? కొబ్బరినీళ్లు, పనసతొనలు, అరటిపళ్లు, జీడిపప్పు. మన ఉద్దానం పంటలే! ఎండుచేపలలోనూ, ఆవకాయలోనూ ఉప్పు జాస్తి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ తోటపంటలు మంచి ఆహారమే. మీరు భయపడి మానెయ్యనక్కరలేదు. కాని జబ్బు ఉన్న తాతయ్యకు పండుగనాడు ప్రేమకొద్దీ కొసరి వడ్డిస్తే అదే ముప్పు అవుతుంది. కొందరికి తాగే నీళ్లు కూడా కొలతే.

అందుచేత చక్రంమీద ప్రతి పండుగ దగ్గరా "తాతయ్య పళ్లెం" అని ఒక గడి గీయండి. ఆయన ఏది ఎంత తినవచ్చునో వైద్యుణ్ణి అడిగి అమ్మ అందులో రాస్తుంది. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరాదు. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వార్చేస్తే పొటాషియం కొంత పోతుంది. కూరలో ఉప్పు వెయ్యకముందే తాతయ్య వాటా తీసిపెట్టవచ్చు. వైద్యుడు సరేనన్నవాటిలో ఒక్క వంటకమయినా ఇంటిల్లిపాదికీ ఒకే తీరున చేస్తే, అందరూ తింటుంటే తాను చూస్తూ కూర్చోవలసిన అవస్థ ఆయనకు ఉండదు.

ఈ గడి నింపే పని మీరు తీసుకోండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చక్రం కూడా వెంట తీసుకుపొమ్మని నాన్నకు చెప్పండి. వచ్చే పండుగకు తాతయ్య పళ్లెంలో ఏముండాలో ఆనాడే తేలిపోతుంది.