మెకానిక్ చేతి పనిముట్లు: కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు

'ఆడలేక మద్దెల ఓడు' అని మనకొక సామెత ఉన్నది. పని చేతగానివాడు పనిముట్టును నిందిస్తాడని దాని భావం. ఋణ ఖాతాల తనిఖీకి గ్రామాలకు వెళ్ళినపుడు నేను కూడా ఈ సామెతను మనసులో ఉంచుకొనియే మాట్లాడేవాడిని. అయితే కొన్ని సంవత్సరాల క్రితం ఒక మెకానిక్ విషయంలో మద్దెల నిజంగానే ఓడుదని తెలుసుకొన్నాను. ఆ మద్దెలను ఎంపిక చేసినది నేనే కావడం వలన ఆ పాఠం నాకు బాగా గుర్తుండిపోయినది.

మా శాఖ పరిధిలోని ఒక మండల కేంద్రంలో ద్విచక్ర వాహనాలు, ట్రాక్టర్లు మరమ్మతు చేసే యువకుడు ముద్రా ఋణానికి దరఖాస్తు చేసుకొన్నాడు. పనిముట్లకు రెండు కొటేషన్లు జతపరచినాడు. ఒకటి 9 వేల రూపాయలకు, మరొకటి 21 వేల రూపాయలకు. రెండవది మంజూరు చేయవలసినదిగా కోరినాడు. రెండింటిలోనూ వస్తువుల పేర్లు, సంఖ్య ఒకటే. ధర తక్కువైతే వాయిదా తక్కువ, వాయిదా తక్కువైతే వసూలు సులభం అని భావించి మొదటి కొటేషన్‌నే సిఫారసు చేసినాను.

ఎనిమిది నెలలు గడిచేసరికి మూడు వాయిదాలు బకాయి పడినవి. వసూలుకు వెళ్ళినపుడు అతడు వాదించలేదు. ఒక కొత్త బోల్టును వైసులో బిగించి, 13 నంబరు స్పానర్ దానికి తగిలించి తిప్పి చూపినాడు. బోల్టు కదలలేదు. స్పానర్ మాత్రం దాని చుట్టూ జారి తిరిగినది. "సార్, ఇది మీరు ఇప్పించిన సెట్టు" అన్నాడు. అంతకు ముందు వారమే పానా జారి వేళ్ళ కణుపులు చెక్కుకొనిపోయి, అతని చేతికి కట్టు ఉన్నది. నట్ల మూలలు అరగదీస్తున్నాడని ట్రాక్టర్ యజమానులు పక్క ఊరికి వెళ్ళసాగినారు. బకాయికి అసలు కారణం అక్కడ ఉన్నది.

ఇటువంటి పొరపాటు మీకు జరుగరాదనే ఉద్దేశంతో చేతి పనిముట్ల ఎంపికలో గమనించవలసిన అంశాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

లోహము, తయారీ విధానము

చూపునకు రెండు స్పానర్లు ఒకే విధంగా మెరుస్తూ ఉండవచ్చును. మెరుపు పైపూత వలన వచ్చేది. బలం లోపలి ఉక్కును బట్టి, తయారీని బట్టి ఉంటుంది. మంచి స్పానర్‌ను సుమారు 1,100 నుండి 1,200 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చిన ఉక్కు కడ్డీని అచ్చుల మధ్య భారీ సమ్మెటతో కొట్టి తయారు చేస్తారు. దీనినే డ్రాప్ ఫోర్జింగ్ అంటారు. పోత పోసిన దానికంటె, రేకును కత్తిరించి చేసిన దానికంటె ఇది చాలా దృఢమైనది.

ఆ తరువాతి ఘట్టం పదును పెట్టడం. ఎర్రగా కాల్చి నూనెలో చల్లార్చి, మరల తక్కువ వేడిమిలో ఉంచి పెళుసుదనాన్ని పోగొడతారు. మన ఊరి కమ్మరి గొడ్డలికి పదును పెట్టే సూత్రమే ఇది. పదును చాలకపోతే స్పానర్ నోరు తెరచుకొంటుంది. మితిమీరితే బలం పెట్టినపుడు పుటుక్కున విరిగి ముక్క కంటికి తగిలే ప్రమాదం ఉన్నది. రాక్‌వెల్ సి అనే కాఠిన్య కొలమానంపై స్పానర్లు సాధారణంగా 40 నుండి 50 మధ్య ఉంటాయి. కటింగ్ ప్లయర్ తీగను కోసే అంచు 55కు పైబడి ఉండడం అవసరం. క్రోమ్ వనేడియం ఉక్కు ఈ పదునును చక్కగా పట్టి నిలుపుకొంటుంది. సాధారణ కార్బన్ ఉక్కుతో చేసినవి చౌక. తేలిక పనులకు అవి చాలును.

ఏ కంపెనీ సరుకు కొనాలి?

ఇది మెకానిక్‌లు తరచుగా అడిగే ప్రశ్న. మన దేశంలో చేతి పనిముట్ల పరిశ్రమకు పంజాబులోని జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రసిద్ధ కేంద్రాలు. జలంధర్‌లో కేంద్ర చేతి పనిముట్ల సంస్థ 1983లో ఏర్పడినది. ఎవరెస్ట్ జలంధర్ నుండి, ఈస్ట్‌మన్ లూధియానా నుండి వచ్చే పేర్లు. మన మండల కేంద్రాల దుకాణాలలో కూడా సులభంగా లభించే టపారియా వారు స్వీడన్ సంస్థ సాంకేతిక సహకారంతో 1969లో తయారీ ప్రారంభించినారు. వారి కర్మాగారం మహారాష్ట్రలోని నాసిక్‌లో ఉన్నది. ఆకురాళ్ళకు జె.కె. పేరు చిరపరిచితం. విదేశీ పేర్లలో స్టాన్లీ అమెరికాకు, గెడోర్ జర్మనీకి చెందినవి. గెడోర్ 1919లో రెమ్‌షైడ్ పట్టణంలో ముగ్గురు సోదరులు స్థాపించిన సంస్థ.

ఈ పేర్లను ప్రస్తావించడం సిఫారసుగా భావించరాదు. గమనించవలసిన విషయం ఏమనగా, ఒకే కంపెనీ కూడా వేర్వేరు ధరలలో వేర్వేరు రకాలు తయారు చేయవచ్చును. కనుక పేరు చూచి ఆగక, పనిముట్టుపై ఏ ఉక్కు అని అచ్చు వేసి ఉన్నదో చదవండి. విదేశీ సరుకు ధర ఎక్కువగా ఉంటుంది. పాడైన ఒక్క ముక్కకు బదులు మన ఊరిలో దొరకడం కష్టం కావచ్చును. గ్రామీణ మెకానిక్‌కు సమీప పట్టణంలో విడిగా ఒక్కొక్క ముక్క లభించే మంచి దేశీయ సరుకు ఎక్కువ ప్రయోజనకరమని నా అభిప్రాయం.

దుకాణంలోనే చేయదగిన పరీక్షలు

1. కంపెనీ పేరు, కొలత అచ్చుతో ఉక్కులోనే పడి ఉండాలి. కాగితపు చీటీ, రంగుముద్ర మాత్రమే ఉంటే సందేహించండి.

2. స్పానర్ నోటి రెండు అంచులు సమాంతరంగా ఉండాలి. అదే కొలత గల కొత్త బోల్టును వెంట తీసుకువెళ్ళి తగిలించి చూడండి. తేలికగా ఎక్కాలి కాని లొడలొడలాడరాదు.

3. కటింగ్ ప్లయర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. కోసే అంచుల మధ్య వెలుగు కనిపించరాదు. సన్నని తీగను కోసి చూడండి. కీలు వద్ద పక్కకు ఊగులాట ఉండరాదు.

4. దుకాణదారు అనుమతితో కనబడని చోట ఆకురాయితో ఒకసారి రాయండి. మెత్తని ఇనుమైతే ఆకురాయి వెన్నలో దిగినట్లు దిగుతుంది. పదును పట్టినదైతే ఎదురు తిరుగుతుంది.

5. పూత పొక్కులు, పగుళ్ళు లేకుండా చూడండి. సుత్తి పిడి బిగుతును చేతితో ఊపి పరిశీలించండి.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న పనిముట్టుపై ప్రమాణం సంఖ్య, లైసెన్సు సంఖ్య కూడా ఉంటాయి. ఓపెన్ స్పానర్లకు ఐ.ఎస్. 2028, రింగు స్పానర్లకు ఐ.ఎస్. 2029, కాంబినేషన్ ప్లయర్లకు ఐ.ఎస్. 3650, స్క్రూడ్రైవర్లకు ఐ.ఎస్. 844, సుత్తులకు ఐ.ఎస్. 841 వర్తిస్తాయి. లైసెన్సు సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో సరిచూసుకొనవచ్చును.

కొలతల తేడా

మంచి స్పానర్ కూడా తప్పు నట్టుపై చెడిపోతుంది. పాత ట్రాక్టర్లలో అంగుళాల కొలత నట్లు, నేటి వాహనాలలో మిల్లీమీటర్ల నట్లు ఉంటాయి. అర అంగుళం అనగా 12.7 మిల్లీమీటర్లు. దానిపై 13 స్పానర్ ఎక్కుతుంది కాని 0.3 మిల్లీమీటర్ల వదులు మిగులుతుంది. బిగుసుకొన్న నట్టు మూలలు అరగడానికి ఆ వదులే చాలును. మిల్లీమీటర్లలో కూడా తేడాలున్నవి. 8 మి.మీ. బోల్టు తల సాధారణంగా 13 కాగా, జపాన్ పద్ధతి వాహనాలలో అది 12గా ఉంటుంది. మీ వద్దకు వచ్చే బండ్లను బట్టి కొలతలు నిర్ణయించుకొనండి. ఎన్ని ముక్కలున్నవని పెద్ద సెట్టు కొని సగం తుప్పు పట్టించడం ధనవ్యయమే.

ధర ఒక లెక్క, ఆయుష్షు ఒక లెక్క

ఉదాహరణకు 800 రూపాయల సెట్టు సంవత్సరం పాటు, 2,400 రూపాయల సెట్టు ఐదు సంవత్సరాల పాటు పనిచేస్తాయని అనుకొందాం. చౌక సెట్టు ఐదేళ్ళకు 4,000 రూపాయలు. ఖరీదైనది సంవత్సరానికి 480 రూపాయలు మాత్రమే. దీనికై అదనంగా తీసుకొన్న 1,600 రూపాయల ఋణంపై 12 శాతం చొప్పున సంవత్సరానికి వడ్డీ 192 రూపాయలు. వాయిదాలు కట్టిన కొలది ఇది ఇంకా తగ్గుతుంది. రెండూ కలిపినా 672 రూపాయలకు మించదు. చౌక సెట్టుకు సంవత్సరానికి 800. అరిగిన నట్లు, పోయిన ఖాతాదారులు ఈ లెక్కలో చేరనే లేదు.

అయితే ప్రతి వస్తువూ ఖరీదైనదే కావాలని లేదు. రోజూ చేతిలో ఆడే స్పానర్లు, రింగులు, సాకెట్లు, ప్లయర్, స్క్రూడ్రైవర్లకు ముందు డబ్బు వెచ్చించండి. పాత కమాను పట్టీతో మన కమ్మరి చేసిన ఉలి చక్కగా పనిచేస్తుంది. దాని తల పుట్టగొడుగువలె విచ్చుకొన్నపుడు సాన పట్టించడం మరువరాదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే అవసరమయ్యే పుల్లర్ల వంటివి ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లు కలసి కొనుక్కొనవచ్చును. ఎంత మంచి స్పానర్‌కైనా పైపు తొడిగి బలం పెట్టరాదు.

నకిలీలు, బిల్లు

ప్రసిద్ధ కంపెనీల పేర్లలో ఒక అక్షరం మార్చి అమ్మే సరుకు సంతలలో కనిపిస్తుంది. ధర మరీ తక్కువైతే అక్షరాలు కూడబలుకుకొని చదవండి. తప్పక జి.ఎస్.టి. బిల్లు తీసుకొనండి. స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కొరకు కొన్న వస్తువుల విషయంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే పరిగణిస్తుంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోన్ సంఖ్య 1915. బిల్లు లేకపోతే మీ మాటకు ఆధారం ఉండదు.

ఋణ సదుపాయం

2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు హామీ లేకుండా ఋణం పొందవచ్చును. తరుణ్ ఋణం సక్రమంగా తీర్చినవారికి 2024లో 20 లక్షల వరకు అవకాశం కల్పించినారు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం గురించి చాలామంది మెకానిక్‌లు అడుగుతున్నారు. ఆ పథకంలోని 18 వృత్తులలో కమ్మరులు, సుత్తి మరియు పనిముట్ల తయారీదారులు, తాళాల పనివారు ఉన్నారు గాని వాహన మెకానిక్‌లు లేరు. అర్హులైన చేతివృత్తులవారికి 15 వేల రూపాయల వరకు పనిముట్ల ప్రోత్సాహకం, 5 శాతం వడ్డీకి మొదట 1 లక్ష, తరువాత 2 లక్షల ఋణం లభిస్తాయి. మెకానిక్‌లకు ముద్రాయే తగిన మార్గం.

దరఖాస్తుతో ఇచ్చే కొటేషన్‌లో 'స్పానర్ సెట్టు 1' అని మాత్రమే వ్రాయించరాదు. కంపెనీ, ఉక్కు రకం, కొలతలు, ముక్కల సంఖ్య ఉండాలి. అప్పుడే రెండు కొటేషన్లను సరిపోల్చడం సాధ్యం. నేను చేసిన పొరపాటు ఆ వివరాలు అడుగకపోవడమే.

డీలర్లకు ఒక మాట

చౌక సరుకు అమ్మడం తప్పు కాదు. దానిని ఖరీదైన దానితో సమానమని చెప్పడం తప్పు. రెండు రకాలను వేర్వేరుగా ఉంచి, తేడా వివరించి బిల్లు ఇచ్చే దుకాణానికి మెకానిక్ జీవితకాలం వస్తాడు. తప్పుడు వ్యాపార చిహ్నంతో సరుకు అమ్మితే 1999 నాటి చట్టం ప్రకారం 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల వరకు జరిమానా ఉన్నవి.

ఇక ఆ మెకానిక్ విషయం. మా శాఖ అతని వాయిదాల కాలాన్ని పొడిగించినది. అతడు తన సంపాదనతోనే నెలకొక ముక్క చొప్పున 8, 10, 12, 13, 14, 17, 19 కొలతల స్పానర్లు, ఒక మంచి కటింగ్ ప్లయర్ సమకూర్చుకొన్నాడు. ఎనిమిది ముక్కలు పూర్తయ్యేసరికి ట్రాక్టర్లు తిరిగి అతని షెడ్డుకు రాసాగినవి. ఆలస్యంగానైనా ఖాతా పూర్తిగా చెల్లించి మూసివేసినాడు. నోరు తెరచుకొన్న ఆ 13 నంబరు స్పానర్‌ను అడిగి తెచ్చుకొన్నాను. కొటేషన్లు పరిశీలించే వేళ అది నా బల్లపైననే ఉంటుంది.