గోరింక కాలికి ఒక్క చుక్క

"కాలు విరిగితే పక్కనే పుత్తూరు కట్టు ఉంది సార్, గోరింకకు గజ్జి పడితే యాడికి పోవాల?" వడమాలపేట నుంచి వచ్చిన ఉత్తరం ఇలా మొదలైంది. పశువుల కొట్టం దగ్గర తిరిగే గోరింక కాళ్ళు సున్నం మెత్తినట్టు తెల్లగా, లావుగా అయిపోయాయట. గొర్రెలకు వేయించే ఐవర్‌మెక్టిన్ సూదిమందు ఇంట్లో ఉంది, ఒక చుక్క పూయొచ్చా అని అడిగారు. రెండు ముక్కల్లో జవాబు రాసి పంపమన్నారు సంపాదకులు. ఆ మందు పేరు కనబడ్డాక రెండు ముక్కలతో ఆగడం నా వల్ల కాదు.

గజ్జి తెచ్చే పురుగు సంగతి త్వరగా ముగిస్తాను. మిరపతోటలో నల్లిని చూసినవాళ్ళకు ఇది చుట్టమే. ఎనిమిది కాళ్ళు, మిల్లీమీటరులో మూడోవంతు ఒళ్ళు. పేరు క్నెమిడోకాప్టెస్, అంటే గ్రీకులో ముంగాలిని కోసేది. పొలుసుల సందున దూరి సొరంగాలు తవ్వుకుంటుంది. ఆడపురుగు గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే వదులుతుంది. చర్మం మందమెక్కి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును విరిచి చూస్తే తేనెపట్టులాగా గదులు గదులు. అయితే పక్షులకొచ్చే మశూచి కూడా కాళ్ళమీద బొడిపెలు లేపుతుంది. అది వైరస్, దానికి ఈ మందు దండగ. పెచ్చు గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టనిదే ఏదీ తేలదు. ఉత్తరం చదివి రోగం చెప్పేవాణ్ణి నమ్మకండి, అది నేనైనా సరే.

ఇక మందు. జపాన్‌లో కవానా గోల్ఫ్ మైదానం పక్కన తీసిన మట్టిలోని సూక్ష్మజీవి, దాన్ని వేరుచేసిన సతోషి ఓముర, అమెరికాలోని మెర్క్ సంస్థలో దాని పస కనిపెట్టిన విలియం కాంప్‌బెల్, వాళ్ళకు 2015లో నోబెల్. ఈ కథ అందరూ చెబుతారు. లాబ్‌స్టర్ కథ మాత్రం ఎవరూ చెప్పరు.

1979లో ఈ మందుకు మూలమైన అవర్‌మెక్టిన్‌ను లాబ్‌స్టర్ కండరం మీద పరీక్షించారు. మందు తగలగానే కండరం నరానికి పలకడం మానేసింది. గాబా అనే రసాయనం కండరాన్ని జోకొట్టేదీ అచ్చం ఇలాగే. ఇంకేముంది, మందు కణం గోడలో గాబా తెరిచే ద్వారాల మీదే పనిచేస్తుందని తీర్మానించారు. ఏళ్ళ తరబడి అదే మాట నడిచింది. 1994లో శాస్త్రవేత్త డోరిస్ కల్లీ బృందం ఒక నులిపురుగు నుంచి అసలు ద్వారం తాలూకు జన్యువులను పట్టుకుంది. చూస్తే దాన్ని తెరిచేది గాబా కాదు, గ్లుటమేట్!

నాకు ఒళ్ళు పులకరించేది ఇక్కడే. మన మెదడులో గ్లుటమేట్ అంటే "కదులు" అని పురమాయింపు. పురుగులో ఈ ద్వారం దగ్గర మాత్రం అదే గ్లుటమేట్ "ఆగు" అంటుంది. చెరువు తూమును ఊహించుకోండి. గ్లుటమేట్ వచ్చి తలుపు ఎత్తుతుంది, రుణావేశమున్న క్లోరైడ్ నరకణంలోకి పారుతుంది, కణం కాసేపు మెదలదు, తలుపు మళ్ళీ దిగుతుంది. ఐవర్‌మెక్టిన్ ఆ తలుపు సందులో ఇరుక్కున్న గులకరాయి. తలుపు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోతుంది. క్లోరైడ్ పారుతూనే ఉంటుంది, ఎంత పిలిచినా నరం పలకదు. సొరంగంలో పురుగు ఉన్నచోటనే చచ్చుబడుతుంది. మిరప నల్లికి కొట్టే అబామెక్టిన్‌దీ ఇదే వంశం, ఇదే పని.

వెన్నెముక ఉన్న జీవుల్లో ఈ గ్లుటమేట్ తూము లేనే లేదు. గోరింకకూ లేదు, మనకూ లేదు. అలాగని పూర్తిగా నిశ్చింత కాదు. గాబా తూములు అందరికీ ఉన్నాయి. మందు మితిమీరి మెదడులోకి చేరితే వాటినీ పట్టుకుంటుంది. సూదిమందుగా వేసినప్పుడు బడ్జీలు, ఫించ్‌లు చనిపోయిన సందర్భాలున్నాయి. చూశారా, లాబ్‌స్టర్‌వాళ్ళు చెప్పింది మరీ అంత తప్పేం కాదు!

ఇప్పుడు ఆ ఒక్క చుక్క లెక్క. పక్షులకు సాధారణంగా వాడే మోతాదు కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. గోరింక బరువు దాదాపు 110 గ్రాములు. అంటే దానికి కావలసింది 22. గొర్రెలకు వాడే ఒక శాతం మందులో మిల్లీలీటరుకు 10,000 మైక్రోగ్రాములుంటాయి. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలనుకున్నా ఒక్క చుక్కలో 500. అవసరానికి ఇరవై మూడు రెట్లు! పలచన చేసి, తూచి, కొలిచి వేయాలి. సుమారు రెండు వారాలకు మళ్ళీ వేయాలి. పంజరంలో పెంచే బడ్జీకైతే సరే. ఎగిరిపోయిన గోరింకను మళ్ళీ ఎక్కడ పట్టుకొస్తారు? అసలు పట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిట్ట ఎగరలేక కిందపడి ఉంటే అటవీశాఖవాళ్ళకు చెప్పండి. పశువైద్య కళాశాల తిరుపతిలోనే ఉంది.

ఉత్తరం చివర ఇంకో ప్రశ్న ఉంది. పట్టుకోకుండా నూకల్లో మందు కలిపి గిన్నెలో పెడితే? కుంటుతున్న గోరింక నాలుగు గింజలు తింటుందో, నలభై తింటుందో లెక్కపెట్టేదెవరు? పైగా ఆ గిన్నె మీద ముందు వాలేది పిచ్చుక. దాని బరువు పాతిక గ్రాములు.