రోటరీ ఇంజనుకు ఊపిరి చాలునా? తిత్తి కావాలా?

కమ్మరి కొలిమిని ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? తిత్తి ఊదనంతసేపూ బొగ్గులు పైన బూడిద కప్పుకొని, లోపల ఎర్రగా మినుకుమినుకుమంటూ ఉంటాయి. తిత్తి ఊదటం మొదలుపెట్టగానే అవే బొగ్గులు భగ్గున మండి, ఇనుప కడ్డీని మెత్తబరుస్తాయి. బొగ్గు పెరగలేదు, కొలిమి మారలేదు. పెరిగింది గాలి ఒక్కటే. సరిగ్గా చెప్పాలంటే, గాలిలోని ఆక్సిజన్.

మోటారు వాహనంలోని ఇంజను కూడా ఒక రకమైన కొలిమే. అందులో పెట్రోలో, డీజిలో మండాలంటే గాలి కావాలి. ఆ గాలి రెండు విధాలుగా లోపలికి పోవచ్చు. మనం ఊపిరి పీల్చినట్టు ఇంజను తనంతట తాను పీల్చుకోవటం ఒక విధం. తిత్తితో ఊదినట్టు బయటినుండి బలవంతంగా నింపటం రెండో విధం. ఇబ్రహీంపట్నం నుండి యాచారం మీదుగా మాల్ వైపు పోయే సాగర్ రోడ్డు పక్కన నిలబడి వినండి. బరువుతో వెళ్ళే లారీ ఇంజను మోతలో సన్నని ఈలవంటి శబ్దం కలిసి వినిపిస్తుంది. అది 'టర్బోచార్జరు' అనే తిత్తి చేసే శబ్దం. పొలాల్లో తిరిగే పాత ట్రాక్టర్లకు ఈ ఈల ఉండదు. అవి పీల్చే ఇంజన్లు.

ఊదటం మేలా, పీల్చటం మేలా? ఈ ప్రశ్న అన్ని ఇంజన్లకూ ఉన్నదే. కాని 'రోటరీ' అనే ఒక వింత ఇంజను విషయంలో ఇది పెద్ద పరీక్షే అయింది. జపాను దేశపు మాజ్డా కంపెనీ తన పందెపు కార్లలోనూ, స్పోర్ట్స్ కార్లలోనూ రెండు మార్గాలనూ దశాబ్దాలపాటు ప్రయత్నించి చూసింది. ఆ కథలో మీ భౌతికశాస్త్ర పాఠాలు ఎన్ని దాగి ఉన్నాయో చూద్దాం.

పిస్టన్ లేని ఇంజను

మామూలు ఇంజనులో పిస్టన్ సిలిండరులో పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలికను చక్రం తిరిగే కదలికగా మార్చాలి. మొదటినుండీ గుండ్రంగా తిరిగే ఇంజనే చేస్తే పోలేదా? జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ (1902-1988) ఆలోచన ఇదే. ఆయన ఊహించిన ఇంజను ఎన్.ఎస్.యు. అనే కంపెనీలో 1957లో మొదటిసారి తిరిగింది.

రెండు గింజల వేరుశనగకాయను నిలువుగా చీలిస్తే దాని గుల్ల ఎలా ఉంటుంది? నడుములో కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది కదా! రోటరీ ఇంజను గూడు ఇంచుమించు అలాగే ఉంటుంది. దానిలో భుజాలు ఉబ్బిన త్రిభుజం వంటి రోటరు తిరుగుతుంది. రోటరు మూడు మూలలూ ఎప్పుడూ గూటి గోడను ఆనుకొనే ఉంటాయి. అందువల్ల రోటరుకూ గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడతాయి. రోటరు తిరిగేకొద్దీ ఒక్కొక్క గది పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంటుంది. గది పెరిగేటప్పుడు గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికి వస్తుంది. తగ్గేటప్పుడు మిశ్రమం నొక్కుకుపోతుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ విసురుతుంది. మండిన వాయువులు వ్యాకోచించి రోటరును తోస్తాయి. చివరకు పొగ బయటికి పోతుంది. తెరుచుకొని మూసుకొనే వాల్వులు లేవు. గోడలో చేసిన రంధ్రాలను రోటరే మూస్తూ తెరుస్తూ పోతుంది.

రోటరు ఒక చుట్టు తిరిగే లోపల ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. రోటరుకు మూడు ముఖాలు ఉన్నాయి కనుక, ఇరుసు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక్కొక్క రోటరునుండి ఒక పేలుడు లభిస్తుంది. నాలుగు ఘాతాల పిస్టన్ ఇంజనులో అయితే ఒక సిలిండరు నుండి రెండు చుట్లకు ఒక్క పేలుడే. అందుకే రోటరీ ఇంజను చూడటానికి చిన్నదైనా బలం ఎక్కువ చూపిస్తుంది.

మాజ్డా 1967లో రెండు రోటర్లున్న 'కాస్మో స్పోర్ట్' కారును అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్క రోటరు గది 491 ఘన సెంటీమీటర్లు, మొత్తం 982. లీటరుకు తక్కువైన ఆ ఇంజను 110 హెచ్.పి. ఇచ్చేది. మన బోరుబావి మోటారు 5 హెచ్.పి. అంటామే, ఆ లెక్కన చూసుకోండి.

అయితే చిక్కంతా రోటరు మూలల్లో ఉంది. మూలల్లో అమర్చిన సన్నని సీళ్ళు గోడను రాసుకుంటూ పోవాలి, గాలి జారిపోకుండా కాపాడాలి. మొదట్లో అవి అదురుతూ గోడ మీద గీతలు పెట్టేవి. మాజ్డా ఇంజనీర్లు వాటికి 'దయ్యపు గోళ్ళ గీతలు' అని పేరు పెట్టుకున్నారు! కార్బన్‌కు అల్యూమినియం చేర్చి చేసిన సీళ్ళతో ఆ గండం గడిచింది. ఈ సీళ్ళను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికే వస్తాం.

గాలి ఎంత కావాలి?

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. తరువాతి కాలపు మాజ్డా ఇంజనులో ఒక్కొక్క రోటరు గది 654 ఘన సెం.మీ. రెండు రోటర్లకు 1308 ఘన సెం.మీ., అంటే 1.308 లీటర్లు. ఇరుసు ప్రతి చుట్టుకూ ఇంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 6000 చుట్లు అంటే సెకనుకు 100 చుట్లు. కాబట్టి గదులు పూర్తిగా నిండితే సెకనుకు సుమారు 131 లీటర్ల గాలి కావాలి!

లీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 గ్రాములు. 131 లీటర్లంటే 157 గ్రాములు. పెట్రోలు 1 గ్రాము పూర్తిగా మండాలంటే గాలి 14.7 గ్రాములు కావాలి. 157ను 14.7తో భాగిస్తే సుమారు 10.7. అంటే సెకనుకు 10.7 గ్రాములకు మించి పెట్రోలు పోసినా సరిగా మండదు. ఇంజను బలానికి హద్దు పెట్టేది పెట్రోలు కాదు, గాలి. బలం పెరగాలంటే ఇంజనునైనా పెద్దది చేయాలి, వేగంగానైనా తిప్పాలి, లేదా అదే గదిలో ఎక్కువ గాలినైనా కూరాలి. టర్బోచార్జరు చేసేది ఈ మూడో పని.

ఊదే మార్గం

ఇంజను నుండి బయటికి పోయే పొగకు ఇంకా ఎంతో వేడి, వేగం ఉంటాయి. దాన్ని వృథాగా వదలక ఒక చిన్న టర్బైను మీదికి పంపుతారు. గాలిమర తిరిగినట్టు అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అదే ఇరుసుకు అటువైపున ఉన్న మరో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది.

దీనికి రోటరీ ఇంజను బాగా అనువైనది. పొగ రంధ్రాన్ని రోటరు మూల ఒక్కసారిగా తెరుస్తుంది. పైగా పొడవాటి గదిలో మంట మెల్లగా పాకుతుంది కనుక పొగ చాలా వేడిగా వెలువడుతుంది. టర్బైనుకు కావలసింది అదే. మాజ్డా 1982లో కాస్మో కారుకు, 1983లో 'ఆర్.ఎక్స్-7' కారుకు టర్బో అమర్చింది. జపానులో టర్బో లేని ఆర్.ఎక్స్-7 బలం 130 హెచ్.పి. టర్బో ఉన్నదానిది 165 హెచ్.పి. గదుల పరిమాణం మాత్రం మారలేదు. 1991లో వచ్చిన ఆర్.ఎక్స్-7కు రెండు టర్బోలు పెట్టారు. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఒకటి, పెరిగాక రెండోదీ కలిసి ఊదేవి. బలం 255 హెచ్.పి.కి, 1999 నాటికి 280 హెచ్.పి.కి చేరింది.

వేడితో వచ్చే చిక్కు

అయితే ఊదటం ఉచితం కాదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కటం మీకు తెలిసిందే. వాయువును త్వరగా నొక్కితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి పీడనాన్ని 1.7 రెట్లు చేశామనుకోండి. టర్బోలోని నష్టాలను కలుపుకుంటే ఆ గాలి సుమారు 100 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలుచన. పరమ ఉష్ణోగ్రతల్లో చూస్తే 303 నుండి 373కు పెరిగింది. సాంద్రత 1.7 × 303 / 373, అంటే 1.38 రెట్లే అవుతుంది. 70 శాతం ఎక్కువ వస్తుందనుకున్న గాలి 38 శాతమే ఎక్కువ వచ్చింది!

అందుకే నడుమ 'ఇంటర్‌కూలరు' అనే చల్లబరిచే జల్లెడ పెడతారు. అది గాలిని 50 డిగ్రీలకు దించితే సాంద్రత 1.7 × 303 / 323, అంటే సుమారు 1.6 రెట్లు అవుతుంది. పోయినదానిలో చాలాభాగం తిరిగి వచ్చినట్టే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వేడి, పీడనం హద్దు మీరితే మిశ్రమం క్రమంగా మండక, ఒక మూలన తనంతట తానే పేలుతుంది. దీన్నే 'నాకింగు' అంటారు. పిస్టన్ ఇంజను కొంతసేపు దీన్ని ఓర్చుకుంటుందేమో గాని, రోటరు మూలల్లోని సన్నని సీళ్ళు ఓర్చుకోలేవు, విరిగిపోతాయి. విరిగిన ముక్క గోడను గీరి, టర్బైనునూ పాడుచేయవచ్చు. అందుకే టర్బో ఉన్న ఇంజనులో మిశ్రమాన్ని ముందే తక్కువగా నొక్కేటట్టు రోటరును మలుస్తారు. టర్బో ఆర్.ఎక్స్-7లో సంపీడన నిష్పత్తి 9 మాత్రమే. ఇలా తగ్గించినందువల్ల టర్బో ఇంకా అందుకోని నిదాన వేగాల్లో ఇంజను కొంత మందకొడిగా ఉంటుంది. పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

పీల్చే మార్గం

పీల్చే ఇంజను చేసేవారు మరో ఉపాయం పట్టారు. గాలి గొట్టంలో రంధ్రం ఒక్కసారిగా మూసుకుంటే లోపల పీడన తరంగం పుట్టి, ధ్వని వేగంతో వెనక్కు పోయి తిరిగి వస్తుంది. అది తిరిగి వచ్చే క్షణానికి రంధ్రం తెరుచుకొని ఉంటే, తరంగమే గాలిని లోపలికి నెడుతుంది. ఖర్చులేని తిత్తి! కాని సమయం కుదరాలి. 6000 చుట్ల వేగంలో ఒక చుట్టుకు సెకనులో నూరోవంతు. ఆ కాలంలో ధ్వని సుమారు 3.5 మీటర్లు పోతుంది. వేగం మారితే గొట్టం పొడవూ మారాలి. పిల్లనగ్రోవిపై వేళ్ళు జరిపితే స్వరం మారినట్టే.

ఈ ఉపాయం ఫలితం 1991 జూన్‌లో ఫ్రాన్సులోని లెమాన్‌లో లోకమంతా చూసింది. అది 24 గంటలు ఆగకుండా సాగే కారు పందెం. మాజ్డా పంపిన '787బి' కారులో నాలుగు రోటర్లున్నాయి, టర్బో లేదు. వేగాన్నిబట్టి గాలి గొట్టాల పొడవు అదే పెరుగుతూ తగ్గుతూ ఉండేది. బలం నిమిషానికి 9000 చుట్ల వద్ద సుమారు 700 హెచ్.పి. పందెంలో ముందున్న టర్బో మెర్సిడెస్ చివరి గంటల్లో చెడిపోయి ఆగింది. మాజ్డా 362 చుట్లు, అంటే సుమారు 4923 కిలోమీటర్లు పరుగెత్తి గెలిచింది. అక్కడ గెలిచిన మొదటి జపాను కారు అదే.

అయితే టర్బో ఓడిపోయిందని తొందరపడి తీర్పు చెప్పకండి. ఆ పందెంలో మాజ్డాకు 830 కిలోల బరువు చాలన్నారు. పెద్ద పోటీదారులు 1000 కిలోలు మోయాలి. శాస్త్రంలో రెండింటిని పోల్చాలంటే మిగతావన్నీ సమానంగా ఉండాలి కదా!

2003లో మాజ్డా 'ఆర్.ఎక్స్-8' కారులో టర్బోను పూర్తిగా వదిలివేసింది. పొగ రంధ్రాన్ని గూటి చుట్టుగోడ నుండి పక్క పలకకు మార్చింది. దానితో లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే పొగ కలిసిపోవటం ఆగింది. సంపీడన నిష్పత్తి 10కి పెరిగింది. టర్బో లేకుండానే 250 హెచ్.పి. వచ్చింది. అయినా కఠినమైన కాలుష్య నిబంధనల ముందు అదీ నిలవలేదు, 2012లో ఉత్పత్తి ఆగింది. 2023లో రోటరీ మళ్ళీ వచ్చింది. కాని ఈసారి చక్రాలను తిప్పటానికి కాదు, విద్యుత్ కారులో బ్యాటరీకి కరెంటు తయారుచేయటానికి. ఒకే రోటరు, టర్బో లేదు.

కోలారు ఆకాశంలో

రోటరీ ఇంజను పరాయి దేశపు సంగతే అనుకోవద్దు. తెలుగువారు ఎందరో ఉన్న కర్ణాటకలోని కోలారులో, 2009లో 'నిశాంత్' అనే పైలటు లేని విమానం మన దేశంలో తయారైన వాంకెల్ ఇంజనుతో ఎగిరింది. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్, అహ్మద్‌నగర్‌లోని రక్షణశాఖ వాహన పరిశోధన సంస్థ దాని రూపకల్పనలో పాలుపంచుకున్నాయి. ఇంజను బరువు సుమారు 30 కిలోలు, బలం 55 హెచ్.పి. సీళ్ళు రాసుకొనే గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత పూశారు. చూశారా, చిక్కు మళ్ళీ ఆ మూలల దగ్గరే!

విమానానికి ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. సముద్రమట్టానికి 1.8 కి.మీ. ఎత్తులో గాలి సాంద్రత సుమారు 16 శాతం తగ్గుతుంది. నేల మీద 55 హెచ్.పి. ఇచ్చే పీల్చే ఇంజను అక్కడ 46 హెచ్.పి. దగ్గరే ఆగుతుంది. టర్బో పెడితే ఈ నష్టం పూడుతుంది. కాని బరువు, వేడి పెరుగుతాయి. ఎత్తుగా ఎగరాలా, తేలికగా ఉండాలా, ఎక్కువకాలం చెడకుండా నడవాలా అన్నది ముందు తేల్చుకున్నవారే ఇంజనును ఎన్నుకోగలరు. 'ఏది గొప్ప?' అని అడిగితే జవాబు రాదు. 'ఏ పనికి?' అని కలిపి అడిగితే వస్తుంది.

మీరూ చేసి చూడండి: సైకిలు పంపు అడుగుభాగాన్ని తాకి చూడండి. ఇరవైసార్లు వేగంగా గాలి కొట్టి మళ్ళీ తాకండి. తరువాత పంపు చల్లారనిచ్చి, అడుగున తడిగుడ్డ చుట్టి మళ్ళీ కొట్టండి. ఆ తడిగుడ్డ ఇంజనులో దేనికి సమానం? మరొక ప్రశ్న: మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలోనూ, డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలోనూ ఒకే పీల్చే ఇంజను నడిపితే, లోపలికి పోయే గాలిలో ఎంత శాతం తేడా ఉంటుంది? 315, 285 అనే రెండు అంకెలు చాలు. లెక్క మీరే కట్టండి!