మగ్గమింటికి వచ్చిన మనుమడు

హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవువారికి నడుమ పెనుకొండ కనిపించును. ఈ మూడూళ్లను కలిపినది ఇనుపదారి యొక్కటియే కాదు. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండలో అధికారము నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు హిందూపురము చెంతనున్న లేపాక్షిలో వీరభద్రాలయమును కట్టించిరి. ఆ కప్పుమీది చిత్రములలోని చీరల అంచులు, లతామంటపపు స్తంభములపై తీగలు ధర్మవరము నేతగాండ్రకు నేటికిని ఒరవడి. చిత్రకారుడు తన పేరు చెప్పుకొనలేదు. నేతగాడు అనుమతి యడుగలేదు. అందువలన ఎవరికిని నష్టము కలుగలేదు.

ఇప్పుడు ఆ మగ్గమింటికి కంప్యూటరు వచ్చినది. అది పరాయిది కాదు. 1804లో ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జకార్డు రంధ్రముల అట్టలతో నడచు మగ్గమును రూపొందించెను. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే బట్టపై పువ్వు పూయును, హంస నడచును. 1830 దశకమున ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఆ అట్టలనే ఎన్నుకొనెను. నేటి కంప్యూటరు నడచునదియు ఆ రెండు మాటలతోనే. మగ్గపు సంతతి దేశములు తిరిగి మరల మగ్గమింటికే చేరినదన్నమాట.

మునుపు బుటాను గ్రాఫు కాగితముపై గడిగడిగా దించి, ఒక్కొక్క పేక వరుసకు ఒక్కొక్క అట్టను కొట్టి, దారముతో దండగా గుచ్చుచుండిరి. కంప్యూటరు తెరపై ఆ పని త్వరగా ముగియును. ఎలక్ట్రానిక్ జకార్డున్నచోట అట్టలే అక్కరలేదు. ఇది ఒకరికి ఊరట, అట్టలు కొట్టి బ్రదుకువారికి దిగులు. అంతకు మించిన చిక్కు మరొకటి కలదు. క్రొత్త చీర దుకాణమున వ్రేలాడిన నాడే దాని ఛాయాచిత్రము ఫోనులో ఊళ్లు దాటును. వేరొకచోట మరమగ్గముపై అదే బుటా తక్కువ వెలకు దిగును. లేపాక్షి చిత్రకారుడు గతించి శతాబ్దములైనది; ఈ బుటా గీచినవాడు బ్రదికియున్నాడు, వాని కూడు దానిమీదనే యున్నది.

చట్టములు లేకపోలేదు. 1985 నాటి చట్టము చీరలవంటి కొన్ని రకములను చేనేతకే కేటాయించినది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద ధర్మవరము పట్టుచీర నమోదైనది. కాని అది ఊరి పేరును కాపాడునే గాని ఒక్కొక్క బుటాను కాపాడదు. బుటాకు 2000 నాటి డిజైనుల చట్టము రక్ష: 10 ఏండ్లు, కోరినచో మరి 5 ఏండ్లు. అయితే లోకమునకు చూపకమునుపే దరఖాస్తు పెట్టవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము లేదా యందురేమో. నమోదు చేయదగిన డిజైనును చేయక విడిచి, పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి ప్రతులు తీసినచో ఆ నీడయు తొలగును. తెల్లవారకమునుపే మగ్గపు గుంటలో దిగు మనిషికి ఈ మెలికలు చెప్పువారెవరు?

ఇక మన తరగతి గది. బోధనకై గురుశిష్యులు గ్రంథభాగములకు ప్రతులు తీయుటను కాపీరైటు చట్టపు 52వ సెక్షను మన్నించినది. 2016లో ఢిల్లీ హైకోర్టు పాఠ్యసంకలనముల విషయమున దానినే స్థిరపరచినది. చదువునకు చట్టము తలుపు తెరచియుంచినది. మనము దానిని దొంగదారి చేయరాదు.

మొన్న వ్యాసము వ్రాసి తెమ్మనగా నా విద్యార్థులు ముగ్గురు ఒకే వాక్యములను తెచ్చిరి. కంప్యూటరు వ్రాసియిచ్చినది. వారిలో నొకడు నేతయింటి పిల్లవాడు. "ఇది ఎవరి మాటప్పా?" అంటిని. పలుకలేదు. "మీ నాయన గీచిన బుటాను మరియొకడు తనదనినచో?" అంటిని. తల వంచెను. మరునాడు అరపుట తానే వ్రాసి తెచ్చెను. అందు తప్పులు కలవు, అవి వానివే.

ఉపాధ్యాయ మిత్రులారా! యంత్రమును తిట్టి లాభము లేదు. ఉమ్మడి సొత్తేది, ఒకరి కష్టమేది అని విడదీసి చూచుట, తీసికొన్నచోట పేరు చెప్పుట, తన సొత్తును తాను నమోదు చేసికొనుట: ఈ మూడును పాఠములు కావలెను. మనుమడు ఇల్లు చేరినాడు. వానికి పెద్దల పేర్లు నేర్పవలసినవారము మనమే.