చేయి వేయకముందు చెవి యొగ్గేవారు

హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో తెల్లవారింది మొదలు బస్తాలు దిగుతూనే ఉంటాయి. 50 కిలోల బస్తా వీపున వేసుకొని లారీకీ కొట్టుకీ మధ్య తిరిగే హమాలీకి నడుము పట్టేసిందంటే ఆనాటి కూలి పోయినట్లే. మా సంఘ సహోదరుడొకరు అక్కడ ఏళ్లతరబడి బరువులు మోసినవారే. నొప్పి ఎక్కువైనప్పుడు ఆయనకు తోడుగా మేమూ వెళ్లాము.

మొదట వెళ్లినచోట ఆయన నోరు తెరవకముందే బల్లమీద బోర్లా పడుకోబెట్టి, వీపు నొక్కి, మెడ తిప్పి, డబ్బు తీసుకొని పంపారు. రెండవచోట పావుగంట ప్రశ్నలే. నొప్పి ఎప్పుడు మొదలైంది? కాలిలోకి లాగుతుందా? తిమ్మిరి ఉందా? మూత్రం సరిగా వస్తుందా? ఆ తరువాతనే చేయి వేశారు. ఆ సందులో బోర్డు చిన్నదేగాని బయట బల్లమీద చోటు దొరకలేదు.

బేతెస్ద కోనేటివద్ద 38 ఏండ్లుగా పడియున్న రోగిని మన ప్రభువు సైతం ముందు ఒక ప్రశ్న అడిగిన సంగతి యోహాను 5వ అధ్యాయంలో చదువుతాము గదా!

వెన్నెముకను చేతులతో సవరించే కైరోప్రాక్టిక్ పద్ధతి 1895లో అమెరికాలో పామర్ అనే ఆయనతో మొదలైంది. మనకు బాగా తెలిసినది పుత్తూరు కట్టు. తిరుపతి నుండి చెన్నై పోయే దారిలోని పుత్తూరు దగ్గర ఒక కుటుంబంవారు తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్టు కడుతున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ - సామగ్రి ఇంతే. నయమైనవారు ఇంటికి వెళ్లి నలుగురికీ చెప్పుకొనుటవలననే ఆ పేరు ఊరూరా పాకింది. అయితే పుత్తూరు కట్టు అని బోర్డు పెట్టిన ప్రతివారూ ఆ కుటుంబంవారేనని నమ్మి వెళ్లకండి.

గ్రామాల్లోని మన కుటుంబాలవారు ఒక సంగతి గమనించాలి. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడదు. వ్రేళ్లు ఉబ్బినా, నల్లబడినా, స్పర్శ తెలియకపోయినా వెంటనే కట్టు విప్పించి ఆసుపత్రికి తీసుకొనివెళ్లండి. ఆలస్యమైతే చేయో కాలో తీసివేయవలసి రావచ్చు. ఎముక చర్మం చీల్చుకొని బయటకు వస్తే కట్టు మాటే వద్దు. మెడను ఒక్కసారిగా విరవనివ్వకండి. అరుదుగానైనా మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్నది.

మా సహోదరుడు మూడవసారి వెళ్లినప్పుడు పాదం పైకి ఎత్తలేకపోతున్నానన్నారు. ఆ వైద్యుడు చేయి వేయనేలేదు, డబ్బూ తీసుకోలేదు. “ఇది నా చేతిలో పని కాదు, ఈరోజే ఉస్మానియాకు వెళ్లండి” అని తానే ఆటో పిలిచారు. మంచి సమరయుడు గాయాలు కట్టి అంతటితో ఆగలేదు, పూటకూళ్లవానికి అప్పగించాడు కూడా. ఆ భాగం మనం ప్రసంగాల్లో ఎందుకో త్వరగా దాటిపోతాము.

ఆపరేషన్ జరిగింది. ఆయన ఇప్పుడు బస్తాలు మోయడం లేదు, కాటా దగ్గర లెక్కలు వ్రాస్తున్నారు. నడుము పట్టుకొని వచ్చిన హమాలీలకు ఆ చిన్న బోర్డున్న సందు చూపించేది ఆయనే.