చెట్టు మందులు - కానరాని చెరుపు

మంథని వేదపండితుల కూరు. గోదావరి చేరువను, అడవుల నడుమను నున్నది. ఇట్టి యూళ్లలో ఒడలు దురదపెట్టినచో వేపాకు కాచిన నీళ్లు, పసుపు, కానుగనూనె ముందు వచ్చును, వైద్యుడు పిమ్మట. ఇందు మాకు ఆక్షేపణ లేదు. కాని "చెట్టుమందు గదా, చెరుపేమి చేయు?" నను మాట యొకటి జనులలో పాతుకొనియున్నది. ఆ మాట ప్రమాదకరము.

నల్లజీడిని చూడుడు. దాని గింజరసముతో రజకులు బట్టలకు గుర్తులు పెట్టుచుండెడివారు. ఆ రసము ఒంటికి తగిలెనా, ఒకటి రెండు దినములలో బొబ్బలు లేచి పుండగును. మామిడి సొనయు నట్టిదే. రెండును ఒకే కుటుంబపు చెట్లు. ఆయుర్వేదము దీనిని భల్లాతకమని పేర్కొని, శుద్ధిచేసినగాని వాడరాదని విధించినది. నేటి ఔషధ నిబంధనలును దీనిని విషద్రవ్యముల పట్టికలో చేర్చినవి. దోషము కంటికి కనబడునది గనుక మనవారు వేగమే తెలిసికొని జాగ్రత్తపడిరి.

గాడిదగడపాకు సంగతి వేఱు. నల్లరేగడి చేలలో నేలను ప్రాకు నీ తీగను తెలుగునాట గజ్జికి, తామరకు నూరి పూయుదురు. నులిపురుగులకని లోపలికిని పుచ్చుకొందురు. అరవవారు దీనిని మేక ముట్టనిదను నర్థముతో ఆడుతిన్నాపాళై యందురు. మేకకున్న వివేకము మెచ్చదగినది! ఇందు అరిస్టోలోకిక్ ఆమ్లమున్నది. బెల్జియము దేశమున సన్నబడుటకై మందు మ్రింగిన స్త్రీలు పలువురు మూత్రపిండములు చెడి వైద్యుల పాలైరని 1993లో వెల్లడియయ్యెను. ఒక చీనా మూలికకు మారుగా, పేరు పోలిన యీ జాతి మూలిక యా మందులో చేరినది. వారిలో కొందఱికి తరువాత మూత్రనాళములలో క్యాన్సరు పుట్టినది. 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ ఈ జాతి మొక్కలు గల మందులను మానవులకు క్యాన్సరు కలిగించువానిగా నిర్ణయించినది. మన ఈశ్వరి వేరును ఆ జాతిదే.

జీడి మఱునాటికే శిక్షించును; ఇది యేండ్లు గడచిన పిమ్మట. నేడు గజ్జి మానినవాని మూత్రపిండము ఎప్పుడో చెడినచో, ఆకును తలచువాడెవడు? తాతల యనుభవమెంత గొప్పదైనను ఇట్టి దోషమును పట్టజాలదు.

ఇది దేశీయవైద్య నింద కాదు. అంగళ్లలో చీటీ లేకయే కొను స్టెరాయిడు లేపనములును తామరను ముదురబెట్టుచున్నవి. అయినను గాడిదగడపాకును మ్రింగుట కూడదు. పుండుపడిన చర్మమునకు పూయుటయు మాకు సమ్మతము కాదు. ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలవారు ఈ యాకును పల్లెజనులకు చూపి, పేరు చెప్పి, దాని కషాయము నిచ్చువారిని వారింపవలసియున్నది.