ధ్వనిని దాటిన గృహిణి

మా పామర్రు కాలువ గట్టున నిలిచి చూచినచో, దూరమున చాకలిరేవునందు బట్టను బండపై మోదుట ముందుగా కంటికి కానవచ్చును; ఆ చప్పుడు క్షణకాలము పిమ్మట గాని చెవి సోకదు. ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవుటయే ఇందులకు కారణము. సమముగా ఎగురుచు ఆ ధ్వనిని మొదట వెనుకవైచినవాడు అమెరికా దేశీయుడగు చార్లెస్ యీగర్; అది 1947 అక్టోబరు 14వ తేదీ. ఆతని విమానముపై భార్యయగు గ్లెనిస్ పేరు వ్రాయబడి యుండెను. పేరుతో తృప్తి నొందక, తామే ఆ వేగము నందిన స్త్రీలును కలరు. 1953 మే నెలలో అమెరికా వనిత జాక్వెలిన్ కోక్రన్, ఆగస్టులో ఫ్రాన్సు దేశపు జాక్వెలిన్ ఓరియోల్. నరకునిపై విల్లెత్తిన సత్యభామ కథ చదువుకొన్న మనకు ఇది మిక్కిలి వింత గాదు. ఈ రెండవ యామె కథ మాత్రము మమ్ము కదలించినది.

ఆమె 1917లో జన్మించెను. మామగారు వెన్సాన్ ఓరియోల్ 1947 మొదలు 1954 వరకు ఫ్రాన్సు దేశాధ్యక్షులు. ఇద్దరు కుమారుల తల్లియై యుండి విమానవిద్య నేర్చెను. 1949 జూలైలో ఆమె కూర్చున్న నీటివిమానము సేన్ నదిలో కూలెను. నడపినది ఆమె కాదు. అయినను ఆమె ముఖపుటెముకలు నుగ్గయ్యెను. వైద్యులు ఫ్రాన్సులోను అమెరికాలోను పలుమారులు శస్త్రచికిత్స చేసి ఆ ముఖమును తిరిగి నిర్మించిరి. అద్దము చూడ వెరచు దినములలో ఆడుది ఏమి చేయును? తలుపు మూసికొని కూర్చుండును. మేమైనచో అట్లే చేసియుందుము. ఆమెయో, అమెరికాలో చికిత్సల నడుమనే హెలికాప్టరు నడపుట నేర్చి అనుమతిపత్రము పొందెను. 1951 మేలో గంటకు 818 కిలోమీటర్ల వేగమున పోయి కోక్రన్ రికార్డును దాటెను.

ఆమె చేపట్టిన వృత్తి, క్రొత్త విమానమును ఇతరులు ఎక్కకమునుపు తానెక్కి దాని లోపములను కనిపెట్టుట. క్రొత్త కుండలో నీరు పోసి, కారునో లేదో మనము చూతుము గదా. అచ్చట కారినచో ప్రాణమే పోవును.

1953లో ఆమె నడపిన మిస్తేర్ విమానము సమముగా ఎగురుచు ధ్వనిని మించజాలదు. మిక్కిలి ఎత్తునకు పోయి, ముక్కు నేలవైపునకు త్రిప్పి దూకవలెను. కాలువలో పడవ మెల్లగా సాగునప్పుడు అలలు దానికి ముందుగా పోవును. పడవ వానిని మించినచో అవి దాని ముందుభాగమున పోగుపడును. గాలియు నట్లే విమానము నెదుట చిక్కబడి కుదుపును. అంతట నేలపై నున్నవారికి పిడుగు పడినట్లు వినబడును. నడపువారికి ఆ చప్పుడే వినబడదు.

ఇరుగుపొరుగు వారికి ఈ కథ చెప్పగా, "మరి పిల్లల్నెవరు చూశారమ్మా?" అని ఒక పెద్దమ్మగారు అడిగిరి. యీగరునకును బిడ్డలుండిరి, ఆతని కథ చెప్పినప్పుడు ఆమెయే ఆ మాట యెత్తలేదు.

ఓరియోల్ 1963లో, నలువదియైదేండ్ల ప్రాయమున, మిరాజ్ విమానముపై గంటకు 2,038 కిలోమీటర్ల వేగము నందుకొనెను. 2000 ఫిబ్రవరిలో, 82 ఏండ్ల వయస్సున, పారిస్ నగరమున కన్నుమూసెను.